ముంగిటి పాతరథము, దాని జమాఖర్చు



ఈ పుటలలో మనము నెలనెలయు కొట్టుగదిని గూర్చియు, ఊరగాయలను గూర్చియు, పిల్లల దగ్గుజలుబులను గూర్చియు ముచ్చటించుకొనుచుందుము. ఈ నెల మోటారుకారును గూర్చి వ్రాయబూనితి మనగా, "ఇది మగవారి వ్యవహారము గదా, మనకేల?" అని కొందరనుకొనవచ్చును. కాని యాలోచింపుడు. పాతకారు నింట బాగుచేయబూనినచో దానికగు సొమ్ము బియ్యపు ఖర్చు వ్రాయు పుస్తకములోనుండియే పోవును. అది నిలుచు ముంగిలి మనది. దాని రంగు గీకినప్పుడు లేచు దుమ్ము మన బిడ్డల ముక్కులలోనికి బోవును. ఇంత ప్రమేయము గల పనిలో మనకు మాట యుండవలదా? సుభద్ర పగ్గములు పట్టి యర్జునుని రథము తోలెనని వింటిమి. ఇరుసు సడలినప్పుడు కైక తన వ్రేలడ్డుపెట్టి దశరథుని గాచెనని పెద్దలు కథగా జెప్పుదురు. రథమన్న బెదరు మన పూర్వులలోని స్త్రీలకు లేకుండెను; మనకును వలదు.

ఏలూరి సోదరి యొకరు మాకిట్లు వ్రాసిరి: "మా తమ్ముడు తాడేపల్లిగూడెములో నుద్యోగము చేయుచున్నాడు. పాతకాలపు స్పోర్ట్స్ కారు నొకదానిని చౌకగా గొని, సెలవుదినములలో నింటివద్దనే బాగుచేసికొనెదనని పట్టుపట్టినాడు. ఇది తెలివైన పనియా, డబ్బు తగులవేయుటయా?" ఈ ప్రశ్నకు మేము పుస్తకములు చూచి మాత్రమే గాక, మా యింట రెండేండ్లుగా జరిగిన పనిని జూచియు ప్రత్యుత్తర మిచ్చుచున్నాము.

మొదట వస్తువును దెలిసికొందము. ఇంగ్లండు దేశమున కోవెంట్రీ నగరపు స్టాండర్డు ట్రయంఫు కర్మాగారమువారు 1959లో "హెరాల్డు" అను చిన్నకారును వెలువరించిరి. దాని రూపమును గీసినవాడు మికెలొట్టి యను ఇటలీ దేశస్థుడు. ఆ హెరాల్డు ఛాసీనే కుదించి, దాని ముందుచక్రముల యమరికను, స్టీరింగును గైకొని, 1962లో "స్పిట్‌ఫైరు" అను రెండు కుర్చీల స్పోర్ట్స్ కారును జేసిరి. స్పిట్‌ఫైరు మన దేశమున తయారుగాలేదు. కాని దాని యక్క యనదగిన హెరాల్డు 1961 మొదలు మద్రాసులో స్టాండర్డు కంపెనీవారిచే తయారై, మన డెల్టా రోడ్లమీదను చాల తిరిగినది. ఆ కంపెనీ 1980ల చివర కార్లు చేయుట మానినది. కనుక మన ప్రాంతమున స్పోర్ట్స్ కారు ముచ్చట గలవారికి, తక్కువ సొమ్ముతో అందుబాటులో నుండు బంధువు హెరాల్డే యని చెప్పవచ్చును.

ఇంటివద్ద బాగుచేయుటకు హెరాల్డు మిక్కిలి యనువైనది. కారణము దాని పుట్టుకలోనే కలదు. పూర్తి శరీరమును ఒక్కముక్కగా జేసియిచ్చు కర్మాగారము దొరకక, ఆ కంపెనీవారు దానిని వేర్వేరు భాగములుగా జేసి, బలమైన ఛాసీపై మరలతో బిగించిరి. నేటి కార్లలో శరీరమును ఛాసీయు ఒకటే, హెరాల్డులో వేరు. ముందుభాగమంతయు, బానెట్టును చక్రములపై రేకులును గలిసి, పెట్టెమూత వలె ముందునకు లేచును. అది లేచినపుడు ఇంజను మూడువైపుల నగుపడును. చక్రముపై గూర్చుండి పనిచేయవచ్చును. వంటింట పెద్ద గంగాళములో చేయి పెట్టి వెదకుటకును, పళ్ళెములో పెట్టుకొని యేరుటకును గల తారతమ్యమే దీనికిని తక్కిన కార్లకును గలదు. ఇంజను 948 ఘనపు సెంటీమీటర్లది. 25 అడుగుల వలయములో మళ్ళునంత యొదుగు గలది గనుక ఇరుకు సందులలోను దిరుగును.

ఇక మా యింటి సంగతి. మావారి మేనత్తగారు కొల్లేటి యంచున ఆకివీడు దగ్గర పల్లెలో నున్నారు. ఆమె భర్తగారు తాడేపల్లిగూడెములో ధాన్యపు వ్యాపారము చేయుచు 1966లో హెరాల్డును గొనిరి. ఆయన పోయిన పిదప అది పశువులపాకలో, గడ్డిమోపుల క్రింద నిలిచిపోయెను. పాతయినుప వర్తకుడు వచ్చి తూకము లెక్కన వెల చెప్పగా, అత్తగారు మాకు కబురంపిరి. మేము వెళ్ళినపుడు ఆమె యడిగినది ధరను గాదు. "అమ్మాయీ! ఇది యమ్మితే నాలుగు రోజులకు డబ్బు చెల్లిపోతుంది. బాగుచేస్తే నన్నెక్కించుకుంటారా, లేక మీరే తిరుగుతారా?" అని. బంధువులలో నొకరప్పటికే "కాగితములు నా పేర వ్రాయించినచో నేను బాగుచేయింతు" నని వచ్చియుండిరి. వస్తువు విలువైనదని తెలియగానే దాని యజమానురాలు మరుగున పడుట మన యిండ్లలో క్రొత్త గాదు.

అందుచే మేము పానా పట్టుటకు ముందు కాగితములు పట్టితిమి. యజమాని మరణించినచో బండి వారసుల పేర మార్చుటకు ఫారము 31 అను దరఖాస్తు కలదు. మరణధ్రువపత్రమును, వారసత్వ పత్రమును జతపరచి రవాణాశాఖ కార్యాలయమున నీయవలెను. మేమది అత్తగారి పేరనే చేయించితిమి. తమ్ముని బండి కొనబోవు సోదరీ! మీరును ముందు రిజిస్ట్రేషను పుస్తకము చూడుడు. ఛాసీపై చెక్కిన సంఖ్యయు, ఇంజను సంఖ్యయు పుస్తకములోని వానితో సరిపోవలెను. సరిపోనిచో ఎంత చౌకయైనను వెనుకకు రండు. సొంతవాడుక కారునకు 15 ఏండ్ల తరువాత, తనిఖీ జరిపి, అయిదేసి యేండ్లకు రిజిస్ట్రేషను మరల పొడిగింతురు. 50 ఏండ్లు దాటి, మార్పులు లేక స్వస్వరూపముతో నున్న బండ్లకు 2021లో కేంద్రప్రభుత్వము వేరు నిబంధనలు చేసినది. వాని ప్రకారము క్రొత్తగా వింటేజి రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. కాని యట్టి బండిని నిత్యము సంతకు, బడికి తోలరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కింపవలెను. అత్తగారికి కావలసినది ప్రదర్శన గాదు గనుక మేము మొదటి మార్గమునే పట్టితిమి.

రెండవది త్రుప్పు. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి దానిలో జేరును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు గొనిపోవును. ఇట్టి చోట గాలి యెల్లప్పుడు తడి. ఇనుమునకు నీరును, గాలిలోని ప్రాణవాయువును గలిసి తగిలినచో త్రుప్పు పుట్టును. ఆ రెంటిలో నొకదానిని దూరము చేసిన ఆగును. చేపలలారీలనుండి కారు మంచునీరు రోడ్డునెల్ల తడుపుచుండ, ఆ తడి కారు క్రిందిభాగమున జేరును. హెరాల్డులో త్రుప్పు మొదట పట్టునది పైరేకులకు గాదు. ఛాసీనుండి ప్రక్కలకు చేతులవలె చాచియుండు ఇనుపకొమ్మలకు. పైకి మిలమిలలాడు రంగు చూచి మోసపోక, క్రింద పరుండి మొనదేలిన స్క్రూడ్రైవరుతో ఆ కొమ్మలను పొడిచి చూడవలెను. ఖణీమని మ్రోగిన మంచిది. మెత్తగా దిగినచో వెల్డింగు ఖర్చు ముందే వ్రాసికొనవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నియో బండ్లు మునిగినవి. కనుక మన ప్రాంతమున పాతబండి యేది కొన్నను క్రిందపరచిన తివాచీ లేపి, మూలల నొండ్రుమన్ను గలదేమో చూచుట మరవరాదు.

మూడవది ప్రాణభయము. భారతమున కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగిన ఘట్టము మనకందరకు తెలిసినదే. కొల్లేటి నల్లరేగడిలో జాకీ యదే విధముగా క్రుంగును. కర్ణునకు శాపము గావలసివచ్చెను, మన నేలకు వానచినుకు చాలును. కాబట్టి జాకీ క్రింద మందపు చెక్కపలక పరచవలెను; లేపిన పిదప ఇనుపస్టాండ్లపై బండిని నిలుపవలెను. జాకీ యొక్కదానినే నమ్మి యెవరును క్రిందకు దూరరాదు. ఇటుకలు పేర్చి నిలుపుట మరియు ప్రమాదము. ఇటుక హెచ్చరింపకయే పగులును. మా యింట ఈ నియమము తప్పినవారికి ఆనాడు కాఫీ లేదని శాసనము చేసితిమి. అది యొక్కమారును అమలుపరచవలసి రాలేదు.

నాలుగవది, మన వంటింటి విద్య పనికివచ్చు చోటు. చింతపండు పులుసుతో ఇత్తడిబిందెలు తోముట మనకు వెన్నతో బెట్టిన విద్య. ఆ పులుపే చిన్న మేకులు, మరలు, బందుల త్రుప్పును గూడ మెల్లగా కరగించును. చిక్కని చింతపండు రసములో నొకరాత్రి నానవైచి, ఉదయమున తీగబ్రష్షుతో రుద్ది, చాకలిసోడా నీటిలో ముంచి, ఎండలో నారబెట్టి, వెంటనే నూనె రాయవలెను. నూనె రాయుట ఆలస్యమైన మధ్యాహ్నమునకే త్రుప్పు మరల దర్శనమిచ్చును. పెద్ద భాగములకు విద్యుత్తు పద్ధతి కలదు. ప్లాస్టిక్కు తొట్టిలో నీరుపోసి చాకలిసోడా కరగించి, బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువమును త్రుప్పుపట్టిన వస్తువునకును, ధనధ్రువమును పనికిరాని ఇనుపముక్కకును తగిలించి, రెండును ఒకదానినొకటి తాకకుండ ముంచవలెను. త్రుప్పు వదులై రాలును. రెండు జాగ్రత్తలు మాత్రము మరవరాదు: ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలు, పళ్ళెములు తగిలింపరాదు, నీటిలో విషపదార్థము దిగును, బుడగలుగా లేచునది మండు వాయువు గనుక ఆరుబయటనే, పొయ్యికి దూరముగా చేయవలెను. శుభ్రమైన యినుముపై త్రుప్పునాపు ప్రైమరు పూతలు పూయనిదే యేరంగును వేయరాదు.

అయిదవది యన్నిటికంటె ముఖ్యము. దీనికొరకే ఈ వ్యాసమంతయు వ్రాసితిమి. పాతకార్ల రంగులలో సీసము కలిసియుండుట సామాన్యము. గృహములకు వేయు రంగులలో సీసము మిలియనుకు 90 పాళ్ళు మించరాదని మన దేశమున నియమము 2017 నవంబరునుండి యమలులోనికి వచ్చినది. అంతకు మునుపటి కారురంగు మాట చెప్పనేల? ఉప్పుకాగితముతో పొడిగా రుద్దినచో ఆ దుమ్ము ముంగిట, తులసికోట చుట్టు, ఆరవేసిన పిల్లల బట్టలపై పడును. సీసము పసిపిల్లల బుద్ధివికాసమును చెరచును, గర్భిణులకును కీడు. ఇంతవరకు హానిలేదనదగిన పరిమాణ మేదియు తెలియదని వైద్యులందురు. 2020 డిసెంబరులో మన ఏలూరిలో 600కు పైగా జనులు మూర్ఛలతో ఆసుపత్రి పాలైనపుడు రక్తపరీక్షలలో సీసము, నికెలు అగుపడెనన్న వార్త విని మన మెంత గడగడలాడితిమో జ్ఞాపకమున్నదిగదా. తరువాతి పరిశోధనలు క్రిమినాశక మందుల శేషమే ప్రధానకారణమని చెప్పినవి. ఐనను ఆ దినముల భయము మనకొక పాఠము నేర్పినది: కంటికి కనబడని విషము గడపదాటి లోనికి వచ్చిన పిదప వెదకుట కష్టము, గడప యవతలనే నిలుపుట సులభము.

అందుచే మేము మా ఆడబిడ్డతో గలిసి నాలుగు కట్టుబాట్లు చేసితిమి. రంగును నీటితో తడిపియే రుద్దవలెను. రుద్దినవారు మంచి మాస్కు ధరింపవలెను. ఆ బట్టలు వేరే తొట్టిలో నుతుకవలెను; ఆ నీటిని చెరువులోను, మొక్కలకును పోయరాదు; అడుగున పేరుకొన్న మడ్డిని సంచిలో గట్టి వేరుచేయవలెను. ఆ చోటును చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. పాత బ్రేకు షూల దుమ్మునకును ఇదియే విధి. దానిలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక నోటితో ఊదుట గాని, గాలిగొట్టముతో చెదరగొట్టుట గాని కూడదు. మా యింటివారు మొదట "ఇంత చాదస్తమా?" అనిరి. "బడిలో నూరుమంది పిల్లలకు బుద్ధి నేర్పువారు ఇంటిలోని యిద్దరి బుద్ధిని గాపాడరా?" అని మేమడిగితిమి. మరునాడు మాస్కులు వారే తెచ్చిరి.

ఇంజను విషయమై రెండు మాటలు చాలును. ఏండ్లతరబడి నిలిచిన యింజనును చూచిన వెంటనే తిప్పరాదు. స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో కొంచెము నూనె పోసి రెండుదినములు నాననిచ్చి, చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. తిరిగినచో సగము భాగ్యము. పాత పెట్రోలంతయు తీసివేసి టాంకు కడుగవలెను. నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకు ఇథనాలు కలుపుచున్నారు. అది గాలిలోని తడిని పీల్చును. పాతకాలపు రబ్బరుగొట్టములను మెత్తబరచి పగులజేయును. గొట్టము పగిలి వేడియింజనుపై పెట్రోలు కారినచో నిప్పే. కనుక ఆ గొట్టములను ఇథనాలునకు తాళు రకముతో మార్చుట తప్పనిసరి. బ్రేకు నూనెయు తడిని పీల్చునదే. మన కొల్లేటి గాలిలో దానిని రెండేండ్ల కొకసారి మార్చుట మేలు. బ్రేకులు, స్టీరింగు, వెల్డింగు ఈ మూడును నేర్పరియైన మెకానిక్కుచే చేయింపవలెను. ఇంటిపని గొప్పయని వీనిని మనమే చేయబూనుట ధైర్యము గాదు, సాహసము.

ఇక జమాఖర్చు. మేము నెలకు 3,000 రూపాయలు మాత్రమే ఈ పద్దునకు కేటాయించితిమి. ఒక నెల మిగిలిన మరునెలకు చేర్చితిమి గాని, రాబోవు నెలది ముందుగా వాడలేదు, వడ్డీకి తేలేదు. ఖర్చు వరుస యిది: మొదట ఛాసీ, తరువాత బ్రేకులు, టైర్లు, అటుపిమ్మట ఇంజను, తీగలు, చివరకు కుర్చీలు, రంగు. మగవారి మనసు సహజముగా ఈ వరుసను తలక్రిందు చేయగోరును. మా యింటివారికిని ఎఱ్ఱరంగుపై మనసు పోయినది. రంగు సొమ్ము బ్రేకులకు పోయినది. విప్పిన ప్రతి మరను డబ్బాలలో వేసి, చీటి యంటించి, ఎక్కడనుండి తీసినదో వ్రాసిపెట్టుట మేము పూనుకొంటిమి. పప్పుడబ్బాలకు పేర్లు వ్రాయుట వచ్చినవారికి ఇదియొక కష్టమా? దొరకని సామానులకు విజయవాడ ఆటోనగరునకు పోయి, పాత ముక్కను చేతబట్టుకొని పోల్చిచూచి కొంటిమి. దొరకని బుష్షులను లేతుపై చేయించితిమి. కుర్చీల గుడ్డ మేమే కుట్టితిమి. మొత్తమునకు రెండేండ్లు పట్టినది. అదే సొమ్ముతో వాడుకలో నున్న చిన్నకారు నొకదానిని కొని వెంటనే తిరుగవచ్చునని నిజము చెప్పుచున్నాము.

ఐనచో లాభమేమి? తనిఖీ దినమున అధికారి "బండి యెవరిది?" అని యడుగగా, అత్తగారు చేతికర్ర యూనుకొని ముందునకు వచ్చి "నాది బాబూ" అనిరి. కాగితములడిగిన బంధువు నేడామెను "నన్నును గూడెమువరకు దింపుడు" అని బ్రతిమాలుచున్నాడు. ఆమె యిష్టమైననాడు దింపించును, కానినాడు లేదు. ఆ మాట చెప్పగల యధికారము ఇనుపతూకమునకు లభించు వస్తువు గాదు.

ఏలూరి సోదరీ! మీ ప్రశ్నకు మా సమాధానమిది. మీ తమ్మునికి కప్పుగల చోటు, అప్పులేని చేయి, రెండేండ్ల యోపిక, సరియైన కాగితములు ఈ నాలుగును గలవేని కొననిండు. ఇంట పసిబిడ్డ యుండి, రంగు గీకుటకు వేరుచోటు లేనిచో, ఆ పని షెడ్డులో చేయించుకొని తెమ్మనుడు. ప్రతిదినము ఉద్యోగమునకు పోవుటకే బండి గావలెనన్నచో ఈ ముచ్చట మాని మామూలు బండి కొనుమనుడు. కొనుటకు ముందు మీరును వెంటబోయి, ఆ స్క్రూడ్రైవరును మీరే చేతబట్టి ఛాసీ పొడిచి చూడుడు. పాతబండి యమ్మువాడు మగవాని యుత్సాహమును జూచి వెల పెంచును. ఆడుదాని మౌనమును జూచి తగ్గించును.